వల ముందు కూర్చున్న పిల్ల

వాటర్ పోలో అనే ఆట ఒకటుందని మా కొండల్లో మొదట తెలుసుకున్నవాణ్ణి నేనే అనుకుంటాను. చింతపల్లి గ్రంథాలయంలో, కిటికీ పక్క బీరువా కింది అరలో, ఆటల గురించిన లావుపాటి పుస్తకం ఒకటి ఉంది. అట్ట ఊడిపోతే ఎవరో దారంతో కుట్టారు. నేను షేర్ జీపు నడుపుతాను. జనం నిండితేగానీ జీపు కదలదు, సంత రోజు తప్ప అది బేగి నిండదు. ఆ ఖాళీలో మిగతా డ్రైవర్లు పేకాట వేసుకునేవారు, నేను గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. పదో తరగతి దాటని నాకు సముద్రాల లోతులు, రాజుల వంశాలు, తేనెటీగల సంసారం, అన్నీ అక్కడే తెలిశాయి. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

ఆ పుస్తకంలో వాటర్ పోలోకి ఇచ్చింది ఒకటిన్నర పేజీ. ఒక్కో జట్టుకి ఏడుగురు నీళ్ళలో ఉంటారు. ఆడినంతసేపూ కాళ్ళు అడుక్కి ఆనకూడదు. బంతిని ఒంటి చేత్తోనే పట్టాలి. రెండు చేతులూ వాడే హక్కు గోలు కాసేవాళ్ళకు మాత్రమే ఉంది, వాళ్ళ టోపీ ఎర్రగా ఉంటుంది. నీళ్ళ అడుగున ఒకరినొకరు గీరుకోకుండా ఆటకు ముందు రిఫరీ అందరి గోళ్ళూ పరీక్షిస్తాడు. ఇదంతా నేను కంఠతా పట్టాను. ఎందుకంటే మా మేనకోడలు ఆ ఎర్రటోపీ పిల్ల.

ఆమె మా అప్ప కూతురు. మా వైపు అక్కను అప్ప అంటాం. బావ పోయాక వాళ్ళిద్దరే ఆ ఇంట్లో. పిల్ల గిరిజన గురుకులంలో చదువుతున్నప్పుడు ఈత పోటీలకు పట్నం తీసుకెళ్ళారు. అక్కడ ఒక కోచ్ ఆమె చేతుల పొడవు చూసి, ఈత వదిలేసి ఈ ఆటకు రమ్మన్నాడట. అప్పటినుంచి విశాఖపట్నంలో క్రీడా హాస్టల్. సెలవులకు వచ్చినప్పుడు మా కొండవాగు గెడ్డ మడుగులోకి దిగి నాకు చూపించేది. నడుం దాకా నీటిపైకి లేచి, చేతులు రెండూ గాలిలో పెట్టి, అడుగు తగలకుండా అలాగే నిలబడేది. కింద కాళ్ళు రుబ్బురోలు తిప్పినట్టు ఎదురెదురుగా సున్నాలు చుడుతూ ఉంటాయని చెప్పింది. పుస్తకంలో ఆ సంగతి లేదు. నాకు చాలా ఆనందం వేసింది.

ఆసియా దేశాల ఆడపిల్లల పోటీకి వెళ్ళే జట్టులో ఆమె పేరు ఉందని తెలిసినప్పుడు అప్ప కాఫీ పండ్లు కోస్తోంది. విని, బుట్ట కింద పెట్టి, మళ్ళీ ఎత్తుకుంది. పరదేశం ఎంత దూరమని అడిగింది. జీపులో పోలేనంత దూరమన్నాను. ఆ మాటకే నవ్వి, అందరికీ చెప్పుకుంది.

వెళ్ళేముందు పిల్ల రెండు రోజుల కోసం ఇంటికొచ్చింది. తిరిగి నేనే నర్సీపట్నం బస్సు దగ్గర దింపాను. దారిలో, అమ్మ లేనప్పుడు, నాతో ఒక మాట చెప్పింది. గోలు కాసేవాళ్ళు జట్టులో ఇద్దరున్నారు. ఈ పోటీ అయ్యాక ఒక్కరినే ఉంచుతారు. హాస్టల్లో రెండోవాళ్ళ మంచం కొత్తగా వచ్చే పిల్లలకిస్తారు.

"మొదటి ఆట నాకిచ్చారు మావా. అందులో నిలబడితే ఉంటాను. లేకపోతే ట్రంకుపెట్టె సర్దుకోడమే."

"సర్దుకుంటే ఏమవుతుంది, చదువు లేదా?" అన్నాను.

"ఏ చదువు మావా?" అంది. ఇంటర్ పరీక్షల సమయానికి ఆమె ఎక్కడో శిబిరంలో ఉంది. తర్వాత రాయొచ్చన్నారు. ఆ తర్వాత ఎవరూ ఆ ఊసెత్తలేదు. మా కొండల మీద ఈతకొలను లేదు. పట్నంలో ఆ మంచం పోతే ఆమెకు ఆట లేదు, ఆట పోతే చేతిలో మరొకటి లేదు. ఇది నాకూ ఆమెకూ తెలుసు. అప్పకు మేం చెప్పలేదు.

ఆట రోజున సిగ్నల్ కోసం అందరం బోడిమెట్ట ఎక్కాం. మా ఊరికి ఫోను అందేది ఆ రాతి గుట్ట మీదే. జీపును పైదాకా తోలి, బానెట్టు మీద ఫోనుకి ఒక రాయి ఆనించి నిలబెట్టాను. మిట్టమధ్యాహ్నం. కాఫీ తోటల నుంచి ఆడవాళ్ళు పని ఆపి వచ్చారు, నడవగలిగిన ముసలివాళ్ళు వచ్చారు. చదువుకునే పిల్లలు ఎవరి హాస్టళ్ళలో వాళ్ళున్నారు. ఆ గుట్ట మీద అక్షరం ముక్క వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, ఆట మొదలయ్యేదాకా అందరికీ నియమాలు వివరించాను. ఏడుగురు, గోళ్ళు, ఎర్రటోపీ. బంతిని రెండు చేతులతో పట్టే హక్కు మన పిల్లకే ఉందనేసరికి అప్ప చుట్టూ ఒకసారి చూసింది.

నీలం నీళ్ళు, తెల్ల గీతలు, మూలన ఇంగ్లీషులో అంకెలు. మాటలు ఏదో తెలియని భాషలో వస్తుంటే శబ్దం ఆపేశాను. ఎర్రటోపీ కనిపించగానే ముసలమ్మలు ముందుకు జరిగారు. అంత చిన్న తెర మీద ముఖం తెలియదు, అయినా ఆ భుజాలు మావే.

అవతలి జట్టు పిల్లలు ఈదడం చూశాను. వాళ్ళు నీళ్ళలో పుట్టినట్టున్నారు. ఒకామె బంతి ఎత్తి, కొట్టబోయి ఆగి, మళ్ళీ ఎత్తి కొట్టింది. మా పిల్ల మొదటిసారికే లేచింది, రెండోసారికి కిందికి దిగుతోంది. బంతి వలలో పడింది.

గుట్ట మీద ఆడవాళ్ళంతా ఒక్కసారి కేక పెట్టారు. అప్ప రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని నవ్వుతోంది.

"పడ్డాది," అంది. "ఒకటి పడ్డాది."

నాకేమీ అర్థం కాలేదు. ఇంకొకటి పడింది. ఇంకా పెద్ద కేక. మూడోది పడ్డాకగానీ నా బుర్రకు తట్టలేదు.

మా దగ్గర చేపలు పట్టే పద్ధతి ఒకటుంది. గెడ్డ సన్నబడే చోట రాళ్ళు అడ్డం పేర్చి, మధ్యలో సందు వదిలి, ఆ సందుకి వెదురుబుట్ట పెడతారు. ఒక మనిషి బుట్ట ముందు కూర్చుంటుంది. మిగతావాళ్ళు పైనుంచి నీళ్ళను చేతులతో కొడుతూ, అరుస్తూ, చేపల్ని బుట్టలోకి తోలుకొస్తారు. బుట్టలో పడిందంతా దాని ముందు కూర్చున్న మనిషిది. తోలినవాళ్ళకు ఆమె తలా ఒక గుప్పెడు ఇస్తుంది. చిన్నప్పటినుంచీ మా అప్పది బుట్ట దగ్గర చోటు. ఆమె కళ్ళకు ఆ తెర మీద కనిపించిందేమిటి? వల ఉంది. వల ముందు తన కూతురు కూర్చుంది. పరదేశపు పిల్లలు నీళ్ళు చిమ్ముతూ తోలుకొస్తున్నారు. పడిందంతా మరి ఎవరిది?

"అప్పా, అవి మన లెక్క కాదు," అన్నాను.

"మనవి కాకపోతే ఎవులివిరా? వల కాడ కూకుంది ఎవులు?"

"అది కాదే, వాళ్ళు కొడుతున్నారు..."

"కొట్టనీ. తోలేవోళ్ళు తోల్తారు. నీ పుస్తకాలు నానూ ఇన్నాను గానీ, బుట్ట సంగతి నాకు సెప్పకు."

చుట్టూ నవ్వారు. పక్కనున్న ముసలమ్మ నా భుజం మీద తట్టి, మగోళ్ళకి బుట్ట సంగతి తెలీదులే అంది. నేను మళ్ళీ నోరు తెరవబోయేలోగా మరొకటి పడింది. ఆ కేకల్లో నా మాట నాకే వినిపించలేదు.

అలా ఆట సాగింది. మూలన ఒక అంకె పెరుగుతూ పోయింది, రెండో అంకె కదలలేదు. ఒకసారి మా పిల్ల బంతిని రెండు చేతులతో ఆపి బయటికి నెట్టింది. నా ఒళ్ళు పులకరించింది. గుట్ట మీద అయ్యో అన్నారు. దగ్గరకొచ్చింది జారిపోయిందే అని ఒకామె బాధపడింది. ఆ రోజు ఆ పిల్ల చేసిన మంచి పనికల్లా ఇక్కడ అయ్యో అన్నారు. ఓడిన ప్రతిసారీ ఈలలు వేశారు. ఇరవై దాటాక నేను అంకెల వైపు చూడలేదు. ఎర్రటోపీనే చూస్తూ కూర్చున్నాను. బంతి పడ్డాక ఆమె ప్రతిసారీ వెనక్కి తిరిగి, వలలోంచి దాన్ని తీసి, నడిమికి విసిరేది. విసిరి మళ్ళీ చేతులు పైకెత్తేది. ఆ చేతులు ఎంత నొప్పిపుట్టి ఉంటాయో ఇప్పటికీ ఆలోచిస్తాను.

మనవాళ్ళు ఓడిపోయారని మాత్రం అప్పకు చెప్పగలిగాను. ఆమె దాన్ని తేలిగ్గానే తీసుకుంది. మిగతా గుంటలు, అంటే జట్టులోని ఆడపిల్లలు, సరిగ్గా ఆడలేదని, తన గుంట మాత్రం వల నింపిందని తేల్చేసింది.

పొద్దు వాలుతుండగా ఫోను మోగింది. ఆట అయ్యాక మాట్లాడతానని పిల్ల ముందే చెప్పింది, అందుకే అప్ప గుట్ట దిగనంది. ఫోను లాక్కుని రెండు చేతులతో పట్టుకుంది.

"ఏటే, అంతా సూసినాం. ఎన్ని పట్టినావే తల్లీ. వల సిరిగిపోతాదేమో అనుకున్నాం."

సిగ్నల్ పోయిందనుకుని అప్ప ఫోనును చెవి నుంచి తీసి చూసింది. తర్వాత పిల్ల ఏదో అంది. అప్ప ఫోను నాకిచ్చింది, నిన్ను అడుగుతోందని.

"మావా, అమ్మకి నువ్వు చెప్పలేదా?"

"చెప్పబోయాను."

"వద్దు. చెప్పకు." మళ్ళీ తనే, "అందరూ ఉన్నారా అక్కడ?" అంది. ఉన్నారన్నాను. ఫోను పెట్టేసింది.

మర్నాడు గ్రంథాలయానికి వెళ్ళి ఆ ఒకటిన్నర పేజీ మళ్ళీ చదివాను. అంతకుముందు దాన్ని చదివినప్పుడల్లా నాకు తెలియని లోకమొకటి నా చేతికందినట్టుండేది. ఆ రోజు అందులో ఏమీ లేదు. కొలను ఎంత పొడవుండాలో ఉంది, బంతి ఎంత బరువుండాలో ఉంది. బయట నా జీపు నిండి, జనం హారన్ కొడుతున్నా లేవబుద్ధి కాలేదు.

మిగతా ఆటల్లో రెండో పిల్లనే దింపారు. వాళ్ళు అవీ ఓడిపోయారు.

పిల్ల తిరిగొచ్చిన రోజు నర్సీపట్నం నుంచి నేనే తెచ్చాను. కుడిచేతి రెండు వేళ్ళు కలిపి పట్టీ వేసి ఉంది. ముందు సీట్లో కూర్చుంది. ఘాటు రోడ్డు ఎక్కుతుండగా తనే అంది, ఆ పిల్లలు చిన్నప్పటినుంచీ ఆ కొలనుల్లోనే పెరిగారట, వాళ్ళకు చలికాలం కూడా వేడినీళ్ళేనట. "నేను లేచేసరికి బంతి నా వెనకుండేది మావా. ఎక్కణ్ణుంచి వస్తోందో తెలిసేది కాదు." ఫిర్యాదులా అనలేదు. నాకు తెలియని నియమం ఒకటి చెబుతున్నట్టు అంది.

ఆదివారం అప్ప ఆమెను చర్చికి తీసుకెళ్ళింది. మా ఊళ్ళో మేలు జరిగినవాళ్ళు ప్రార్థన మధ్యలో లేచి సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. అప్ప కూతుర్ని పక్కన నిలబెట్టుకుని చెప్పింది. తండ్రి లేని పిల్లను దేవుడు పరదేశపు నీళ్ళ మీద నిలబెట్టాడని, అంతమంది తోలుకొచ్చినా బెదరకుండా అన్నీ పట్టిందని చెప్పింది. బాగా చెప్పింది, ఆమెకు మాట వచ్చు. జనం స్తోత్రం స్తోత్రం అన్నారు. పిల్ల తల వంచుకుని నిలబడింది. ఎంత అణకువ అని ఒకరిద్దరు మెచ్చుకున్నారు. ఆ జనంలో అసలు సంగతి తెలిసినవాళ్ళు లేకపోలేదు. సెలవుకు వచ్చిన కాలేజీ పిల్లలు వెనక బెంచీల్లో ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్ప నోటికి జడిసి కొందరు, పిల్ల మీద జాలితో కొందరు ఊరుకున్నారు. నేనెందుకు ఊరుకున్నానో పిల్లకు తెలుసు.

ఆ వారంలోనే, నేను చింతపల్లిలో ఉండగా, కోచ్ నా ఫోనుకి చేశాడు. పాపం మర్యాదగానే మాట్లాడాడు. మంచి పిల్ల, కష్టపడుతుంది, కానీ పైనుంచి నిర్ణయం వచ్చేసింది, రెండో పిల్లను ఉంచుతున్నారు, వీలు చూసుకుని వచ్చి సామాను తీసుకెళ్ళమన్నాడు. నేను చెప్పడానికి వెళ్ళేసరికి పిల్ల కాఫీ పండ్లు ఆరబెడుతోంది. సరే అని, చేత్తో పండ్లు పరుస్తూనే ఉంది. పరిచినచోటే మళ్ళీ పరుస్తోంది.

అప్ప మాత్రం ఊరుకోలేదు. ఊరుకోడానికి ఆమెకు కారణం లేదు. "అన్ని పట్టిన గుంటని తీసీసి, ఏమీ పట్టనిదాన్ని ఉంచుకున్నారా?" అని వీధిలో నిలబడి అడిగింది. విన్నవాళ్ళందరూ నిజమే, అన్యాయమే అన్నారు. కొండోళ్ళమని కదా అని ఎవరో అన్నారు. ఆ మాట అందరికీ నచ్చింది, ఎందుకంటే మిగతా విషయాల్లో అది చాలాసార్లు నిజం. మర్నాడు తెల్లారేసరికి అప్ప ఉతికిన చీర కట్టుకుని, ఒక కోడిపుంజు, మిరియాల మూట, పసుపు కొమ్ములు సిద్ధం చేసుకుంది. పట్నం వెళ్ళి కోచ్‌ని అడుగుతుందట. ముందు మంచిగా, వినకపోతే గట్టిగా. వద్దమ్మా అని పిల్ల రెండుసార్లు అంది.

"నీకు నోరు నేదు. నాకుంది. బండెక్కు."

నేను ఎవరినీ ఎక్కించుకోకుండా బయల్దేరాను. అప్ప, పిల్ల వెనక సీట్లో కూర్చున్నారు, కోడి కాళ్ళ దగ్గర. లంబసింగి దగ్గర మంచు ఇంకా విడలేదు. పట్నాల నుంచి వచ్చినవాళ్ళు రోడ్డు మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. వాళ్ళను దాటేదాకా అప్ప కోచ్‌తో ఏమనాలో వల్లించుకుంటూనే ఉంది. అంతమంది తోలుతుంటే వల కాడ ఒక్కతే ఉందనీ, కావాలంటే మా ఊరంతా సాక్ష్యమనీ.

ఘాటు దిగడం మొదలయ్యాక పిల్ల నోరు విప్పింది.

"అమ్మా, ఆ బంతులు నేను పట్టినవి కాదు."

"మరేటి?"

"నన్ను దాటుకుని లోపలికి పోయినవి. పోకుండా ఆపడమే నా పని. లోపల పడిన ప్రతిదీ వాళ్ళ లెక్క. నేను ఆపలేకపోయాను."

రెండు మలుపులు తిరిగాను.

"అవునేట్రా?" అని అప్ప నన్నడిగింది.

అవునన్నాను.

ఆమె తిడుతుందనుకున్నాను, నన్నో, పిల్లనో. అద్దంలో చూస్తే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత కూతురి వైపు తిరిగింది.

"మరంతసేపు ఆ నీల్లల్లో ఎందుకున్నావే? ఒడ్డుకొచ్చీకూడదా?"

"ఆట అయ్యేదాకా రాకూడదమ్మా."

"ఎవులూ రమ్మనలేదా?"

"లేదు."

"సలేసిందా?"

"లేదమ్మా. వేడినీళ్ళే."

ఆ తర్వాత అప్ప బండి తిప్పమంది. ఆ ఘాటు మీద జీపు తిప్పడానికి చోటు ఉండదు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. తిరగాలంటే కిందిదాకా దిగాల్సిందే. ముగ్గురం ఆ దారంతా దిగాం. కింద పట్నం బస్సులు కనిపిస్తున్నాయి. ఆమె సామాను ఇంకా ఆ హాస్టల్లోనే ఉంది. తెచ్చుకుందామా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది.

టీ దుకాణం దగ్గర బండి తిప్పుతుంటే, పైకి వెళ్ళేవాళ్ళు జీపు ఖాళీగా ఉందని పరుగెత్తుకొచ్చారు. అలవాటు కొద్దీ ఆపాను. ఎక్కినవాళ్ళలో మా పక్క ఊరి ఆమె ఒకతె ఉంది. ఆమె నన్ను గుర్తుపట్టింది, నా వెనకున్నవాళ్ళను పరకాయించి చూసింది. అప్పను ఆమె ఎప్పుడూ చూసినట్టు లేదు. జీపు సగం ఘాటు ఎక్కాక అప్పనే అడిగింది.

"పరదేశమెల్లి నీల్లల్లో బంతులన్నీ పట్టీసిందంట, ఆ గుంట ఈ గుంటేనా?"

"కాదు," అంది అప్ప. "ఆ గుంట వేరు."

అద్దంలో మేనకోడలు నాకు కనిపిస్తోంది. నేను రోడ్డు చూసుకున్నాను. అలాగా అని పక్క ఊరి ఆమె సంచీని కాళ్ళ మధ్య సర్దుకుని, అయితే ఆ గుంటది ఏ ఊరని అడిగింది.

తెలీదంది అప్ప.